నున్నగా చేసిన నడవ

మా వదినకి కోపం ముక్కు మీద ఉంటుందని వీధిలో అందరూ అంటారు. అబద్ధం. ముక్కుదాకా ఎక్కే ఓపిక కూడా ఆ కోపానికి ఉండేది కాదు. నడవలో ఎవరైనా చెప్పుల జత అడ్డంగా వదిలితే చాలు, తీసి వీధిలోకి విసిరేసేది. అవి చుట్టానివా, నావా, తన తమ్ముడివా అన్న విచారణ ఉండదు. స్టూలు జరిపితే తిట్లు. తలుపు సగం తీసి వదిలితే తిట్లు. పంచదార డబ్బా ఉన్నచోటు నుంచి బెత్తెడు జరిగితే ఆ పూట నాకు తలంటే. నేనేమన్నా తక్కువ తిన్నానా? ఒకటికి రెండు తిప్పికొట్టేదాన్ని. కాపురానికొచ్చిన కొత్తలో మా ఆయన మా ఇద్దరి మధ్యా అడకత్తెరలో పోకచెక్కలా నలిగాడు. తరవాత తెలివి తెచ్చుకుని, మేం మొదలెట్టగానే తన నేలలు గీకే మెషీనుకి నూనె అయిపోయిందంటూ బజారుకి పోయేవాడు.

వదిన అంటే మా ఆయనకి అక్క. ఇంటికి పెద్దది. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి, "నన్ను భరించేవాడు పుట్టలేదు, పుట్టుంటే వాణ్ణి నేను భరించలేను" అని చెప్పి పంపేసేది. మా ఇంటికి ఎదురుగా వరసగా షెడ్లు. వెల్డింగు, లేతు మిషను, టైర్లు, పాత ఇనుము. ఆ షెడ్లలో పనిచేసేవాళ్ళకి మా వీధి కిటికీలోంచి టీ అమ్మి తమ్ముణ్ణీ చెల్లెల్నీ పెంచింది. వాళ్ళందరికీ ఆవిడ టీ అక్క. వెనక వంటింట్లో పొయ్యి, ముందు వీధి కిటికీ, మధ్యలో పొడుగాటి నడవ. పొద్దున లేచింది మొదలు మసిపట్టిన పెద్ద కెటిల్ పట్టుకుని ఆ నడవలో అటూ ఇటూ తిరుగుతూనే ఉండేది. మేమూ అందులోనే తిరగాలి. పడగ్గదులు, స్నానాలగది, వంటిల్లు, అన్నిటి తలుపులూ దాన్లోకే తెరుచుకుంటాయి. ఇంట్లో ఉన్నది నలుగురు కూడా కాకపోయినా ఆ నడవలో ఎప్పుడూ ఎవరో ఒకరి భుజం ఎవరో ఒకరికి తగిలేది.

ఇప్పుడొక మాట ముందే చెప్పేస్తాను. దాచిపెట్టి చివర్లో బయటపెట్టడం నాకు చేతకాదు. నేను చెప్పబోయే ఈ గొడవ జరిగేనాటికి వదినకి చూపు పూర్తిగా పోయింది. వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలీదు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. మసక అనేది, మేమూ మసకే అనుకున్నాం. దళసరి కళ్ళద్దాలు పెట్టుకునేది. డాక్టరు దగ్గరికి వెళదామంటే ఒంటికాలి మీద లేచేది. మనిషి గొంతునిబట్టి, అడుగు చప్పుణ్ణిబట్టి, బీడీ వాసన్నిబట్టి ఎవరొచ్చారో చెప్పేసేది. కనపడకపోతే అలా ఎలా చెబుతుంది అని మేం ధైర్యంగా ఉన్నాం. స్టూలు జరిపితే వచ్చే ఆ తిట్లన్నీ ఎందుకో మాలో ఒక్కరికీ వెలగలేదు. చాదస్తం అనుకున్నాం.

ఎందుకు దాచింది? వాళ్ళమ్మకీ ఇలాగే పెద్దతనంలో చూపు పోయిందట. పోయిన మర్నాడే వాళ్ళ నాన్న ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, ఇంక నువ్వు లేవక్కర్లేదు, అన్నీ మేం చూసుకుంటాం అన్నాడట. ప్రేమతోనే అన్నాడు. ఆవిడ బతికినన్నాళ్ళూ ఆ కుర్చీలోనే ఉంది. ఎవరొచ్చినా ఆవిడ ఎదురుగానే, "అమ్మ తిన్నదా? అమ్మ పడుకున్నదా?" అని పక్కవాళ్ళని అడిగేవారు తప్ప ఆవిణ్ణి అడిగేవారు కాదు. మంచినీళ్ళ గ్లాసు కూడా ఆవిడ చేతికిచ్చేవారు కాదు, నోటికి పెట్టేవారు. వదిన అదంతా చూసింది. కెటిల్ చేతిలో ఉన్నంతకాలం తనకి ఆ కుర్చీ లేదని ఆవిడ లెక్క.

కెటిల్ ఒలక్కుండా ఎలా తిరిగిందో ఆవిడే నాకు తరవాత చెప్పింది. మా నడవకి చెక్క నేల. ఎప్పటిదో. వంటింటి గడప దాటగానే నేల కాస్త గుంటపడి ఉండేది, అందరూ అక్కడే నిలబడి అరిగిపోయి. పడగ్గది ఎదురుగా ఒక పలక అడుగువేస్తే కిర్రుమనేది. వీధి వైపు చివర్లో ఒక పలక అంచు మిగతావాటికంటే కొంచెం లేచి ఉండేది. అది కాలివేలికి తగలగానే ఆగాలి. ఎదురుగా చెయ్యి చాస్తే కిటికీ బల్ల. ఎడమపక్కన వీధి తలుపు, తలుపు దాటితే వీధిలోకి దిగే నిటారు మెట్లు. గాలి రావాలని ఆ తలుపు పగలంతా తీసే ఉంటుంది. వదిన చెప్పులు లేకుండా ఎందుకు తిరిగేదో, చలికాలంలో మేజోళ్ళు కొనిస్తే నా మొహాన ఎందుకు కొట్టిందో ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం నేను ఆ మేజోళ్ళ కోపంతో వారం పాటు ఆవిడతో మాట్లాడకుండా ఉన్నాను.

ఇంక మా ఆయన. ఆయన పని చెక్క నేలలు గీకి కొత్త చేయడం. ఇళ్ళకీ ఆఫీసులకీ డాన్సు నేర్పే హాళ్ళకీ వెళ్ళి, అరిగి నల్లబడ్డ నేలని మెషీనుతో గీకి, వార్నిషు పెట్టి అద్దంలా చేసి వస్తాడు. ఊళ్ళో ఆయన్ని పాలిష్ అనే పిలుస్తారు. నేల విషయంలో ఆయన చేతికి తెలియనిది లేదు. మోకాళ్ళ మీద కూర్చుని అరచేత్తో ఒక్కసారి తుడిచి, ఎక్కడ ఎత్తు ఎక్కడ పల్లం చెప్పేస్తాడు. ఎత్తూ పల్లం కనపడితే ఆయనకి నిద్రపట్టదు. మా నడవ మాత్రం ఏళ్ళ తరబడి అలాగే ఉంది. ఎందుకంటే దాని మాటెత్తితే వాళ్ళక్క ఊరుకోదు.

గొడవ పేడుతో మొదలైంది. కిటికీ దగ్గర వార్నిషు ఎప్పుడో పోయి, చెక్క బూడిదరంగుకి తిరిగి, నారలు లేచింది. ఒక పేడు వదిన మడమలో దిగింది. ఎవరికీ చెప్పలేదు. గుడ్డపేలిక కట్టుకుని కుంటుతూ టీ పోసింది. చీము పట్టాక మా ఆయన చూసి, పట్టుకారుతో లాగాడు. లాగుతున్నంతసేపూ వదిన ఆయన్నీ, పట్టుకారునీ, పట్టుకారు అమ్మినవాణ్ణీ తిడుతూనే ఉంది. వేలి పొడుగు పేడు. దాన్ని అరచేతిలో పెట్టుకుని మా ఆయన చాలాసేపు చూశాడు.

"అక్కా, ఊరందరి నేలలూ బాగుచేస్తాను. నా ఇంటి నేల నీ కాల్లో దిగింది. ఈ నడవ గీకేస్తాను."

"నా నేల జోలికొస్తే కాళ్ళు విరగ్గొడతా."

"చెక్క కుళ్ళిపోతోందక్కా."

"కుళ్ళనీ. నేను కుళ్ళట్లేదూ? నన్ను కూడా గీకుతావా?"

"రోజూ టీ ఆగిపోతుందని నీ బాధ. నాలుగు రోజులు ఆగితే ఏమవుతుంది?"

"పేడు గుచ్చుకుంది నాకు. ఏడ్చేది నువ్వా? పోయి నీ పని చూసుకో."

చూడండి, అక్కడ ఒక్క మాట. "నాకు కనపడదురా, ఈ గుంటలే నాకు దారి" అని ఒక్క మాట అంటే అయిపోయేది. అనదు. చస్తే అనదు. తమ్ముడేమో, అక్క ఎందుకింతలా వద్దంటోందని ఒక్కసారి కూర్చుని అడుగుతాడా? అడగడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఈ ఇంట్లో మాట్లాడుకోవడం తప్ప అన్నీ చేస్తారు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా చిన్నాడపడుచు ఊరికి ఆ చివర ఉంటుంది. మా ఆయన దానికి ఫోను చేశాడు. మర్నాడు అది ఏడుపు గొంతుతో, "అక్కా, నడుం పట్టేసింది, నాలుగు రోజులు వచ్చి నా దగ్గరుండవా" అంది. వదిన గొణుక్కుంటూ, చెల్లెలి మొగుడు తెచ్చిన ఆటో ఎక్కింది. అక్కడ మడమ నొప్పి పేరు చెప్పి కూర్చున్నచోటు నుంచి కదల్లేదని తరవాత విన్నాను. ఆటో వీధి మలుపు తిరిగిందో లేదో, మా ఆయన మెషీను లోపలికి లాక్కొచ్చాడు. అప్పటిదాకా నాకూ చెప్పలేదు.

"ఆవిణ్ణి అడిగారా?" అన్నాను.

"అడిగితే ఒప్పుకుంటుందా?"

"ఒప్పుకోదని తెలిసి చేస్తున్నారంటే దాన్నేమంటారు?"

"సర్‌ప్రైజ్ అంటారు," అన్నాడు నిమ్మకు నీరెత్తినట్టు.

తరవాత మొదలైంది నా ఖర్మ. ముందు నడవలో ఉన్నదంతా ఎత్తి పడగ్గదిలో కుప్పపోశాడు. పైకి లేచిన మేకుల్ని లోపలికి దిగ్గొట్టాడు, లేకపోతే మెషీను కాగితం చిరిగిపోతుందట. ముతక గరుకు కాగితంతో ఒకసారి, సన్న కాగితంతో ఒకసారి, ఇంకా సన్నదానితో మరోసారి. ఆ మెషీను చప్పుడుకి పొరుగువాళ్ళు గోడ మీద కొట్టారు. ఎన్ని గుడ్డలు అడ్డం కట్టినా దుమ్ము ఆగలేదు. పరుపు మీద దుమ్ము, పళ్ళ మధ్య దుమ్ము. మెషీను అందని గోడవారలు మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో గీకాడు. కిర్రుమనే పలక ఊడదీసి కొత్త పలక బిగించాడు. లేచి ఉన్న అంచుని చిత్రికపట్టి పక్క పలకలతో కలిపేశాడు. వంటింటి గడప దగ్గర గుంటపడ్డ పలకల్నీ తీసి కొత్తవి వేశాడు. రంపపు పొట్టూ జిగురూ కలిపిన లప్పంతో సందులన్నీ పూడ్చాడు. అరచేత్తో తుడిచి చూసుకుని, "ఇప్పుడు చెప్పు, ఎక్కడైనా ఏమైనా తగులుతోందా?" అని నన్నడిగాడు. నాకేమీ తగల్లేదు.

వార్నిషు పెట్టాక నడవలో ఎవరూ అడుగు పెట్టకూడదు. అంటే నేను వంటింట్లోంచి పడగ్గదిలోకి పోవాలంటే పెరటి తలుపు తీసుకుని, పక్క సందులోంచి ఇల్లు చుట్టి, పడగ్గది కిటికీ ఎక్కి దూకాలి. కొంగు దోపుకుని కిటికీ ఎక్కుతుంటే వెల్డరు చూసి, "దొంగతనానికా అక్కా?" అని నవ్వాడు. "అవును, మొగుణ్ణి ఎత్తుకుపోదామని. ఎవరైనా కొనేవాళ్ళుంటే చెప్పు" అన్నాను. ఒక కోటింగు, మళ్ళీ సన్నగా గీకడం, ఇంకో కోటింగు. ఇది తొక్కిడి ఎక్కువుండే చోటు కాబట్టి అన్నిటికంటే గట్టి రకం వాడాడట. ఎండాక చూస్తే, నిజం చెప్పొద్దూ, కళ్ళు చెదిరాయి. తేనెరంగులో చెక్క మెరుస్తోంది. ఆయన గుమ్మంలో నిలబడి దాన్నే చూస్తున్నాడు. అక్క కాలికి ఇంక ఏమీ గుచ్చుకోదు అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం చూస్తే నాకు కూడా కోపం రాలేదు.

వదిన తిరిగొచ్చింది. వీధి తలుపులోంచి లోపలికి ఒక్క అడుగు వేసి ఆగిపోయింది. వార్నిషు వాసన ఇంకా ఉంది. పాదం ముందుకి జరిపింది, పక్కకి జరిపింది. కాలివేళ్ళతో వెతికింది. ఆవిడ మొహంలో రంగు పోవడం నేను చూశాను. తిడుతుందని మేమిద్దరం సిద్ధంగా ఉన్నాం. తిట్టలేదు.

"మొత్తం గీకావా?" అంది.

"మొత్తం అక్కా. మూల మూలా."

"ఆ చప్పుడు చేసే చెక్క?"

"మార్చేశాను. ఇంక చప్పుడుండదు."

వదిన గోడ పట్టుకుని తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మడమ నొప్పి అనుకున్నాం. సంతోషం పట్టలేక మాట రావట్లేదని మా ఆయన అనుకున్నాడు. మగవాళ్ళ నమ్మకం మగవాళ్ళది.

మర్నాడు పొద్దున కిటికీ దగ్గర జనం మామూలుగానే చేరారు. నాలుగు రోజులు టీ లేక మొహాలు వేలాడేసుకుని ఉన్నారు. లేతు మిషను అప్పుడే మొదలైంది, దాని రొదలో ఏదీ వినపడదు. వదిన కెటిల్ నింపుకుని బయల్దేరింది. నేను స్నానాలగదిలోంచి తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఆవిడ నడవ చివర్లో ఉంది. కిటికీ దగ్గర కాదు. తెరిచి ఉన్న వీధి తలుపు దగ్గర. కుడిచేతిలో పొగలు కక్కే కెటిల్. ఎడమచెయ్యి ముందుకి చాచి కిటికీ బల్ల కోసం గాలిలో వెతుకుతోంది. అక్కడ బల్ల లేదు. ఇంకో అడుగు వేస్తే మెట్లు. వెల్డరు నోరు తెరిచి చూస్తున్నాడు, చేతిలో ఖాళీ గ్లాసు అలాగే ఉంది.

పరిగెత్తుకెళ్ళి జబ్బ పట్టుకున్నాను. ఆవిడ విదిలించుకుంది. కెటిల్ ఒరిగి టీ నా పాదం మీద పడింది. ప్రాణం జివ్వుమంది.

"చెయ్యి తీయ్. నిన్నెవరు పట్టుకోమన్నారు?"

"ఇంకో అడుగు వేస్తే మెట్ల మీద పడతారు వదినా."

"నాకు తెలీదా?"

తెలీదు. ఆ ఎడమచెయ్యి ఇంకా లేని బల్ల కోసమే వెతుకుతోంది. చప్పుడు విని మా ఆయన వచ్చాడు. ఆయన ముందు చూసింది నా పాదం కాదు, వార్నిషు మీద పడ్డ టీ. తుడవడానికి గుడ్డ కూడా తెచ్చాడు. అప్పుడు తలెత్తి వాళ్ళక్క మొహం చూశాడు. గుడ్డ కింద పడేసి, ఆవిడ కళ్ళముందు మెల్లగా చెయ్యి ఊపాడు. చంటిపిల్లల్ని చూసినట్టు అటూ ఇటూ ఊపాడు. ఆ క్షణాన ఆ చెయ్యి నరికేద్దామన్నంత కోపం వచ్చింది నాకు.

"ఆ చెయ్యి దించు," అంది వదిన. "గాలి తగుల్తోంది. కనపడట్లేదు. ఎప్పటినుంచో కనపడట్లేదు. సరేనా?"

కిటికీ అవతల అందరూ విన్నారు. ఒక్కొక్కరే గ్లాసులు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. మా ఆయన గొంతు పైకి లేచింది. అక్క మీద ఆయన అరవడం నేనెప్పుడూ వినలేదు.

"కళ్ళు కనపడకుండా మరిగే కెటిల్ పట్టుకుని తిరిగావా ఇన్నాళ్ళూ?"

"తిరిగాను. ఒక్కసారైనా ఒలికిందా? ఒలికింది ఇవ్వాళే. నీ నేల మీద."

"నాకు చెప్పి ఉంటే ఈ నేల ముట్టుకునేవాణ్ణా?"

"చెప్పి ఉంటే నా చేతికి కెటిల్ ఇచ్చేవాడివా?"

అబద్ధం ఆడటం రాదు ఆయనకి, అదొక్కటే ఆయనలో గుణం. "ఇచ్చేవాణ్ణి కాదు" అన్నాడు.

"మరి ఎందుకు చెప్పాలిరా?"

ఆయన ఆవిడ చేతిలోంచి కెటిల్ తీసుకుని వెళ్ళి అటక మీద పెట్టేశాడు. కిటికీ తలుపులు మూసి గడియ వేశాడు. సాయంత్రానికి చిన్నాడపడుచు నడుం నొప్పి మర్చిపోయి పరిగెత్తుకొచ్చింది. అన్నా చెల్లెలూ వదిన ఎదురుగానే కూర్చుని వదిన గురించి మాట్లాడుకున్నారు. అక్కని నేను తీసుకుపోతాను అని అది. వద్దు, ఇక్కడే ఉంటుంది, ఒక మనిషిని పెడతాం అని ఈయన. పొయ్యి దగ్గరికి రానివ్వకూడదు అని ఇద్దరూ. "అక్క ఏమన్నా తిన్నదా?" అని అది నన్నడిగింది. అక్క నా పక్కనే ఉంది. నోరుంది, చెవులున్నాయి.

"ఆవిణ్ణి అడుగు. పోయింది కళ్ళు, నాలుక కాదు," అన్నాను.

అది బిక్కమొహం వేసింది. వదిన ఏమీ అనలేదు. ఆ రోజు, ఆ మర్నాడు కూడా ఏమీ అనలేదు. చెప్పులు నడవలో వదిలినా అనలేదు. ఇల్లంతా ప్రశాంతంగా ఉందని మా ఆయన సంబరపడ్డాడు కూడా. నాకు మాత్రం పిచ్చెక్కింది. కావాలనే గొడవ పెట్టుకుందామని, "వదినా, మీ పంచదార డబ్బా పైఅరలో పడేశాను, నాకు అడ్డంగా ఉంది" అన్నాను. ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకి వీధి అదిరేలా తిట్లు రావాలి.

"సరేనమ్మా" అంది.

అమ్మా అట. నన్ను. జీవితంలో ఎప్పుడూ ఏమే అని తప్ప పిలవని మనిషి. ఆ 'సరేనమ్మా' విన్నాక నాకు ఏడుపొచ్చింది, ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. అటకెక్కి కెటిల్ దించాను. మా ఆయన సామాన్ల పెట్టె తెరిచి ఉలీ సుత్తీ తీశాను. అన్నీ తెచ్చి, అన్నం తింటున్న ఆయన ముందు దభీమని పెట్టాను.

"మీరు తీసేసిందంతా మళ్ళీ పెట్టండి."

"దేన్ని పెట్టాలి?"

"గుంట. చప్పుడు. ఆ లేచిన అంచు. అన్నీ."

"మతి పోయిందా నీకు? వార్నిషు ఆరి వారం కాలేదు. ఇంతకంటే మంచి నేల నా చేత్తో నేనెక్కడా చేయలేదు."

"మంచి నేలే. దాని మీద నడవాల్సిన మనిషి మూల కూర్చుంది. ఎవరికండీ ఇది? ఈగలు జారడానికా?"

"కెటిల్ ఇస్తే కాళ్ళు కాల్చుకుంటుంది."

"ఇన్నాళ్ళూ కాల్చుకోలేదు. మీరు బాగుచేశాకే నా కాలు కాలింది. చూస్తారా?"

ఆయన చూడలేదు. నేను వంటింటి గడప దగ్గర చతికిలబడి, ఉలి ఆనించి, సుత్తితో ఒక్కటిచ్చాను. వార్నిషు పెచ్చు లేచింది, చెక్క చీలింది. రెండోది ఇచ్చాను. ఎంగిలి చేత్తోనే పరిగెత్తుకొచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు.

"అలాగా కొట్టేది? నారకి అడ్డంగా కొడితే పేళ్ళు లేస్తాయి. మళ్ళీ అక్క కాల్లోనే దిగుతాయి."

"అయితే ఎలా కొట్టాలో మీరే కొట్టండి."

ఉలి నా చేతిలోంచి తీసుకున్నాడు. ఆయనకది ఎంత కష్టమో నాకు తెలీదనుకోకండి. తరవాత మొదలుపెట్టాడు. గడప దగ్గర నేలని చిప్పలా తొలిచి, అంచులు గరుకు కాగితంతో గుండ్రం చేశాడు. పళ్ళు కొరుకుతూ, నన్ను తిడుతూ చేశాడు. ఉలి చప్పుడుకి చిన్నాడపడుచు వచ్చింది, దాని వెనక గోడ తడుముకుంటూ వదిన వచ్చింది.

"ఏమిటా చప్పుడు?"

"మీ తమ్ముడు నేల పాడుచేస్తున్నాడు," అన్నాను.

వదిన పాదంతో వెతుక్కుంటూ వచ్చి గుంటలో నిలబడింది. మడమ అటూ ఇటూ తిప్పింది.

"ఇదేం గుంటరా? కోడిపిల్ల నీళ్ళు తాగడానికా? ఇంకా లోతు తీయ్. నీ బుర్రంత లోతు."

ఆయన తలొంచుకుని తీశాడు. వీధి చివర ఒక సన్నటి చెక్కబద్దని అంచులు అరగదీసి నేలకి బిగించాడు. కిర్రుమనే పలకతోనే తల ప్రాణం తోకకొచ్చింది. బతుకంతా చప్పుళ్ళు మాన్పించిన మనిషికి చప్పుడు చేయించడం రాలేదు. మేకులు వదులు చేశాడు, కింద చీలికలు పెట్టాడు, మీద ఎక్కి గెంతాడు. కొత్త చెక్క ఉలకదు పలకదు. చివరికి పాత పలకనే పెరట్లో కట్టెల్లోంచి వెతికి తెచ్చి బిగించాడు. తేనెరంగు నేల మధ్యలో నల్లగా, చండాలంగా ఉంది. వదిన దానిమీద అడుగేసింది. కిర్రుమంది.

"ఆఁ," అంది.

చిన్నాడపడుచు ఊరుకోలేక, "అన్నయ్యా, మరిగే కెటిల్. ఏదైనా అయితే?" అంది.

"అయితే నా కాలే కదే కాలేది? నీ కాలు నువ్వు చూసుకో" అంది వదిన. అని, పొయ్యి వెలిగించడానికి వంటింట్లోకి వెళ్ళింది.

టీ మరిగింది. కెటిల్ నిండింది. వదిన దాన్ని రెండు చేతులతో ఎత్తి, కుడిచేతికి మార్చుకుని, గడప దాటింది. గుంటలో పాదం పెట్టి ఒక్క క్షణం ఆగింది. మునుపటి నడక కాదు అది. ఒక్కో అడుగూ నేలని అడిగి వేస్తోంది. మా ఆయన గోడకి అంటుకుపోయి దారిచ్చాడు. చిన్నాడపడుచు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నా కాళ్ళు వాటంతటవే ఆవిడ వెనక కదిలాయి. పడితే పట్టుకుందామని, ఆవిడకి తెలియకుండా, మునివేళ్ళ మీద.

వదిన ఆగింది. తల తిప్పలేదు.

"ఎందుకే నా వెనక? పనేం లేదా నీకు?"

ఆ నడవలో నేను చేసిన పనులన్నిట్లోకీ కష్టమైనది అప్పుడు చేశాను. "ఎందుకు లేదు, బోలెడుంది. మీ వెనక తిరగడానికి నాకేం ఖర్మ?" అని, గట్టిగా అడుగుల చప్పుడు చేస్తూ వంటింట్లోకి వచ్చేశాను. వెనక్కి తిరిగి చూడలేదు. సింకు ముందు నిలబడి, గోడకేసి చూస్తూ, కాలిన పాదం మీద రెండో పాదం వేసి తొక్కిపట్టుకుని విన్నాను. పలక కిర్రుమంది. తరవాత చాలాసేపు ఏమీ లేదు. ఏమీ లేదు. అప్పుడు కిటికీ గడియ తీసిన చప్పుడైంది, వెల్డర్ని, ఇన్ని రోజులూ ఎక్కడ చచ్చావని అడుగుతున్న వదిన గొంతు వినపడింది.